అప్‌డేట్: లానెగన్ ఆల్బమ్ మొత్తానికి విన్నాను

అమెరికన్ రాక్ గాయకుడు మార్క్ లానెగన్ సోలో ఆల్బమ్స్‌లో 2004 నాటి 'బబుల్‌గమ్'తో మొదలుపెట్టొచ్చా అని పోయిన వారం అడిగాను కదా. సగం మంది కళ్లు మూసుకుని వినమన్నారు, మిగతావాళ్లేమో అది గందరగోళంగా ఉంటుంది, ముందు 1994లో వచ్చిన 'విస్కీ ఫర్ ద హోలీ ఘోస్ట్' వినమన్నారు. రెండూ విన్నాను.

బబుల్‌గమ్ మొదట ఫోన్ స్పీకర్లో పెట్టి పది నిమిషాల్లో ఆపేశా, తప్పు నాదే. రాత్రి లైట్లు ఆపి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే తెలిసింది ఆ గొంతు సంగతి, కంకర మీద బరువైన పెట్టె ఈడుస్తున్నట్టు ఉంటుంది, అయినా ఎక్కడో జాలిగా తగులుతుంది. 'హిట్ ద సిటీ' పాటలో ఇంగ్లిష్ గాయని పీజే హార్వీ గొంతు కలిపినచోట నిజంగా ఒళ్లు గగుర్పొడిచింది. రాక్ గిటారిస్ట్ జోష్ హోమీ, గన్స్ ఎన్ రోజెస్ బ్యాండ్‌లో వాయించిన డఫ్ మెకేగన్, ఇజ్జీ స్ట్రాడ్లిన్, ఇంతమంది ఉన్నా ఆల్బమ్ మాత్రం ఆయనదే. పదిహేను పాటలు కాస్త ఎక్కువే, గందరగోళం అన్నవాళ్ల మాటలో కొంత నిజముంది.

కానీ విస్కీయే నాకు ఎక్కువ నచ్చింది, సారీ బబుల్‌గమ్ బ్యాచ్! అందులో హడావిడి లేదు, అకూస్టిక్ గిటార్, చీకటి, ఆయన.

ఇక మిగిలింది 1990 నాటి 'ద వైండింగ్ షీట్'. పాతకాలపు బ్లూస్ గాయకుడు లెడ్ బెల్లీ పాడిన పాట ఒకటి అందులో ఉంది, దానికి గిటార్ నిర్వాణా బ్యాండ్ కర్ట్ కోబేన్‌దట. ఆదివారం వింటా.