పాత ఇనుప గేటు రంగు ఊడగొట్టడానికి ఇంట్లో బ్లాస్టింగ్ (గాలి ప్రెషర్‌తో ఇసుక లాంటి రేణువులు కొట్టడం) చేయొచ్చా?

అందరికీ నమస్కారమండి. మాది కళింగపట్నం దగ్గర. తాతగారి కాలం నాటి ఇనుప గేటు, నాలుగు కిటికీ గ్రిల్స్ ఉన్నాయి. సముద్రపు గాలికి రంగు కింద తుప్పు పొరలు పొరలుగా లేస్తోంది. వైరు బ్రష్‌తో రెండు రోజులు గీకాను, డిజైన్ సందుల్లోకి అది వెళ్లడం లేదు.

నా దగ్గర 2 హెచ్‌పీ కంప్రెసర్, 50 లీటర్ల ట్యాంకు ఉన్నాయి. చిన్న బ్లాస్టింగ్ గన్ కొని, వంశధార ఇసుక జల్లించి పోసి చూశాను. పది సెకన్లు బాగానే కొట్టింది, తర్వాత ప్రెషర్ పడిపోయింది. పైగా గాలిలో తడికి ఇసుక ముద్దకట్టి నాజిల్ మూసుకుపోయింది. ఈలోగా మా బావ వచ్చి ఆపించేశాడు. ఇసుక ధూళిలోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ అనే జబ్బు వస్తుందట, గుడ్డ కట్టుకుంటే ఆగదట. నిజమే, నాకే తెలివి లేకపోయింది.

ఇసుక బదులు గార్నెట్ అనే గట్టి ఖనిజపు రవ్వ వాడమంటున్నారు. మా తీరం ఇసుకలోనే గార్నెట్ ఉందంటారు కానీ, చిల్లరగా ఒక బస్తా శ్రీకాకుళంలో ఎక్కడ దొరుకుతుంది? ఈ కంప్రెసర్‌కి ఎంత నాజిల్ సరిపోతుంది? గాలిలో తడిని వేరుచేసే వాటర్ సెపరేటర్ పెడితే చాలా? పాత రంగులో సీసం ఉందేమో ఎలా చూడాలి? పక్కింట్లో చంటిపిల్ల ఉంది, అదే టెన్షన్.

చేసినవాళ్లు చెప్పండి. దండగంటే గేటు విప్పి ఆటోలో వర్క్‌షాపుకే తీసుకెళ్తాను.