గొర్రెలకు నట్టల టీకా ఎందుకు లేదు?

మందకాపరి, నారాయణపేట:
మాకు 80 దాకా దక్కనీ గొర్రెలున్నాయి. చిటుక రోగానికి, పీపీఆర్ అనే వైరస్ జబ్బుకి, బొబ్బ రోగానికి టీకాలు వేయిస్తున్నా. కడుపులో పురుగులకు, అదే నట్టలకు మాత్రం ఎప్పుడూ మందు తాగించడమే. ఈ వానాకాలం ఆల్బెండజోల్ పోసిన మూడు వారాలకే మళ్ళీ దవడ కింద నీరు దిగింది, కళ్ళు పాలిపోయాయి, రెండు పిల్లలు చచ్చాయి. మా బావమరిది కొడుకు ఆస్ట్రేలియాలో ఉంటాడు. అక్కడ నట్టలకు సూది ఉందంటున్నాడు. నిజమేనా? తెప్పించుకోవచ్చా?

మేకలరాజు, పుంగనూరు:
టీకా సంగతి నాకు తెలియదన్నా. మేం క్లోసాంటెల్ అనే నట్టల మందుకి మారాక తేడా కనిపించింది. ఏ మందైనా తూకం చూసి పోయండి. అన్నిటికీ ఒకే కొలత పోస్తే పెద్ద పొట్టేలుకు చాలదు.

రిటైర్డ్ పశువైద్యుడు, కర్నూలు:
నారాయణపేట తమ్ముడూ, మీవాడు చెప్పింది నిజమే. దాని పేరు బార్బర్‌వాక్స్. స్కాట్లాండ్‌లోని మోర్డన్ సంస్థ, పశ్చిమ ఆస్ట్రేలియా వ్యవసాయ శాఖ కలిసి చేశాయి, 2014లో అక్కడ అమ్మకానికి వచ్చింది. నాలుగో పొట్టలో చేరి రక్తం తాగే హీమాంకస్ పురుగు ఒక్కదానికే పనికొస్తుంది. కాలేయానికి పట్టే జలగ వ్యాధిలోనూ దవడ కింద నీరు దిగుతుంది కాబట్టి మీ మందలో ఏది ఉందో ముందు తేల్చుకోవాలి.

ఆ టీకా తయారీ విచిత్రంగా ఉంటుంది. గొర్రెలకు కావాలనే ఈ నట్టలు ఎక్కించి, కోశాక పొట్టలోంచి పురుగుల్ని తీసి, వాటి పేగు గోడలోని ప్రోటీన్లను వేరు చేస్తారు. డోసుకు 5 మైక్రోగ్రాములు చాలు. కానీ అవే ప్రోటీన్లను ల్యాబులో బ్యాక్టీరియా చేత తయారుచేయించి వేస్తే గొర్రెకు రక్షణ రాలేదు. అందుకే ఇప్పటికీ పురుగునే పెంచాలి.

పనిచేసే తీరు మాత్రం నాకు భలే నచ్చుతుంది. టీకా వేసిన గొర్రె రక్తంలో యాంటీబాడీలు ఉంటాయి. పురుగు రక్తంతో పాటు వాటినీ తాగుతుంది. అవి దాని పేగుకే అతుక్కుని తిన్నది అరగనివ్వవు. పురుగు నీరసిస్తుంది, గుడ్లు తగ్గిపోతాయి, చాలావరకు చస్తుంది. ఒక్క ఆడపురుగు రోజుకు 5 వేలకు పైగా గుడ్లు పెట్టగలదు. అవి తగ్గితే మేత బీడే శుభ్రపడుతుంది.

చిక్కు కూడా అక్కడే ఉంది. ఆ ప్రోటీన్ పురుగు పేగులో దాగి ఉంటుంది, గొర్రె ఒంటికి మామూలుగా కనబడదు. కాబట్టి మేతలో మళ్ళీ నట్టలు సోకినా టీకా బలం పెరగదు. పిల్లలకు మూడు నాలుగు వారాల ఎడంతో మూడు సూదులు వేయాలి, మూడోది పడేదాకా సరైన రక్షణ రాదు. ఆపైన నట్టల కాలమంతా ఆరు వారాలకొకటి. 80 గొర్రెల్ని అన్నిసార్లు పట్టుకుంటారా? మన దగ్గర అది అమ్మకంలో లేదు. అనుమతి లేని టీకాను సూట్‌కేసులో తెప్పించే ఆలోచన మానుకోండి.

మనవాళ్ళకు చేతకాక అని మాత్రం అనుకోకండి. పిడుదుల వల్ల ఆవులకు వచ్చే థైలేరియాకు టీకా హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారుచేసింది. థైలేరియా ఒకే కణం ఉన్న జీవి, బలహీనపరిచి ఇవ్వొచ్చు. నట్ట అలా కాదు, దానికి నోరు, పేగు, గుడ్ల సంచి అన్నీ ఉన్నాయి.

ప్రస్తుతానికి ప్రతి గొర్రె కింది రెప్ప తిప్పి చూడండి. రెప్ప రంగు పోల్చి చూసేందుకు దక్షిణాఫ్రికాలో పుట్టిన ఫమాచా కార్డు మీద 1 అంటే ఎర్రగా, 5 అంటే తెల్లగా. 4, 5 ఉన్నవాటికి తప్పకుండా మందు పోయండి, బాగున్నవాటిని వదిలేయండి. ఊరికే గొర్రెలన్నిటికీ మందు పోస్తే మందుకు లొంగని పురుగులే మిగిలి పెరుగుతాయి. మీ దగ్గర ఆల్బెండజోల్‌కు పురుగులు అలాగే లొంగడం మానేసినట్టుంది.

మందకాపరి, నారాయణపేట:
సార్, పురుగులు మందుకు లొంగుతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? పరీక్షకు పెంటికలు నేల మీద ఏరితే చాలా?

రిటైర్డ్ పశువైద్యుడు, కర్నూలు:
వద్దు, గొర్రె దగ్గరే చేత్తో తాజాగా తీయండి. పది గొర్రెలవి విడివిడి కవర్లలో, నంబర్లు రాసి, ఐసు పెట్టి అదే రోజు ల్యాబుకు ఇవ్వండి. గుడ్ల లెక్క కావాలని చెప్పండి. తర్వాత మందు పోసి, 14 రోజులకు అవే గొర్రెలవి మళ్ళీ ఇవ్వండి. లెక్క పెద్దగా తగ్గకపోతే ఆ మందు మార్చాల్సిందే.

మేకలరాజు, పుంగనూరు:
సార్, రెప్ప చూడటం మేకలకూ పనికొస్తుందా?

రిటైర్డ్ పశువైద్యుడు, కర్నూలు:
పనికొస్తుంది. మేకల్లో 3 వచ్చినా మందు పోసేయండి, అవి త్వరగా కూలబడతాయి.