రోజూ టీ, కాఫీ తాగడం ఒంటికి మంచిదా, చెడ్డదా? ఇంట్లో గొడవ తెగట్లేదు

ఉదయరాగం:
మా ఇంట్లో కొన్నాళ్లుగా ఇదే పంచాయితీ. అత్తయ్యకి రక్తం తక్కువుందని, హిమోగ్లోబిన్ తొమ్మిదే అని రిపోర్టు వచ్చింది. ఆవిడకి రోజుకి ఐదు టీలు పడాల్సిందే, అందులో ఒకటి అన్నం తిని చెయ్యి కడుక్కోగానే. మా మరిది టీ స్లో పాయిజన్ అంటూ ఫ్యామిలీ గ్రూపులో రోజుకో వీడియో పడేస్తాడు. దానికి పోటీగా మా ఆయన, కాఫీ తాగేవాళ్లు ఎక్కువ కాలం బతుకుతారట అని ఇంకోటి పెడతారు. సాయంత్రం ఆరున్నరకి స్ట్రాంగ్ కాఫీ పడకపోతే ఆయన మనిషిలా ఉండరు, అది వేరే సంగతి.

నా మటుకు నాకు, ఒక్క పూట లేకపోతే తల పగిలిపోయేలా చేసేది ఏదైనా ఒంటికి మంచిది కాదనే అనిపిస్తుంది. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి. "మా తాతయ్య తొంభై ఏళ్లు తాగాడు, ఏమైంది" లాంటివి మాత్రం వద్దు, ఆ మాట ఇంట్లో రోజూ వింటున్నాను.

డికాషన్ దాసు:
సరే, తాతయ్యని తీసుకురాను. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థనే తీసుకుందాం. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) కింద పనిచేసే ఈ సంస్థ 2024 మేలో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ వార్త మన దాకా వచ్చేసరికి "టీ కాఫీలు మానేయాలట" అయిపోయింది గానీ, అందులో ఉన్నది మితంగా తాగమని, కెఫీన్ రోజుకి 300 మిల్లీగ్రాములు దాటనివ్వొద్దని. 150 మి.లీ. కప్పు లెక్కన డికాషన్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్‌లో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటుందని కూడా వాళ్లే చెప్పారు. మన ఇళ్లలో గ్లాసులో సగానికి పైగా పాలే, పొడిలో చికోరీ కలిస్తే ఇంకా తగ్గుతుంది, ఎందుకంటే చికోరీలో కెఫీన్ అసలు ఉండదు. అమెరికా, యూరప్ ఆహార భద్రతా సంస్థలైతే ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి 400 దాకా పరవాలేదన్నాయి. విషానికి ఎవరైనా రోజుకింత తాగొచ్చని లెక్క రాసిస్తారా?

ఇంకోటి. 1991లో మూత్రాశయ క్యాన్సర్ అనుమానంతో కాఫీని 'క్యాన్సర్ తెప్పించే అవకాశం ఉన్నవి' అనే జాబితాలో పెట్టిన డబ్ల్యూహెచ్‌ఓ క్యాన్సర్ పరిశోధన సంస్థే 2016లో ఆ ముద్ర తీసేసింది. 2017లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో అప్పటిదాకా వచ్చిన విశ్లేషణలన్నీ కలిపి చూస్తే, రోజుకి మూడు నాలుగు కప్పులు తాగేవాళ్లలో మరణాలు తక్కువగా కనిపించాయి. కాబట్టి మీవారు పెట్టిన వీడియో మరీ గాలివాటం కాదు.

మందులషాపు పద్మ:
దాసు గారూ, ఆవిడ అడిగింది రక్తం తక్కువున్న పెద్దావిడ గురించి. మీరు క్యాన్సర్ దాకా వెళ్లొచ్చారు గానీ ఐరన్ మాట ఎత్తలేదు.

మాది చిన్న మెడికల్ షాపు, పక్కనే టీ కొట్టు. ఐరన్ మాత్రల షీటు కొనుక్కుని, అక్కడే ఒకటి తీసి నోట్లో వేసుకుని, చేతిలో ఉన్న టీతో మింగేసేవాళ్లని చూస్తూనే ఉంటాను. నీళ్ల బాటిల్ నేనే ఇస్తానన్నా "పర్లేదమ్మా, ఇది ఉందిగా" అంటారు. టీలో ఉండే టానిన్లు ఐరన్‌ని పట్టేసుకుంటాయి, ఇక పేగులు దాన్ని సరిగా పీల్చుకోలేవు. మాంసంలోని ఐరన్‌కి ఈ బెడద తక్కువ, ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఐరన్‌కే ఎక్కువ. మనలో చాలామంది ఆడవాళ్లకి వచ్చే ఐరన్ అదే కదా. అందుకే భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ కాఫీలు వద్దని మీరు చెప్పిన ఆ మార్గదర్శకాల్లోనే ఉంది, ఆ ముక్క మీరు దాటేశారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఏపీలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అదంతా టీ పుణ్యమే అనను, తినేదే సరిపోనివాళ్లు ఎందరో ఉన్నారు. కానీ తిన్న ఆ కాస్తా కూడా ఒంటికి పట్టకుండా చేయడం ఎందుకు?

ఉదయరాగం గారూ, మీ అత్తయ్య గారి చేత టీ మాన్పించక్కర్లేదు. అన్నం తిన్నాక తాగేదాన్ని మూడున్నరకి జరపండి. పప్పులో నిమ్మకాయ పిండుకోమనండి, విటమిన్ సి ఉంటే ఐరన్ బాగా పడుతుంది. ఇంతకంటే ముఖ్యమైనది, తొమ్మిదికి ఎందుకు పడిపోయిందో డాక్టరు చేత చూపించండి. ముట్లు ఆగిన వయసులో రక్తం తగ్గితే కడుపులోనో పేగుల్లోనో ఎక్కడైనా కారుతోందేమో చూడాలి. టీ మీద నెట్టేసి ఊరుకునే విషయం కాదు.

డికాషన్ దాసు:
నేనూ అదే అంటున్నానండీ. మీరు చెప్పిన తప్పంతా టానిన్‌ది. టానిన్ కేసులో కెఫీన్‌కి శిక్ష వేయకండి.

నైట్‌షిఫ్ట్ నాని:
మాది గచ్చిబౌలి, అమెరికా క్లయింట్లతో కాల్స్. కాఫీ లేకపోతే నా ఉద్యోగమే లేదు బ్రో. నిద్ర పాడవుతుందంటారు గానీ అది పూర్తిగా సైకలాజికల్, వీకాఫ్ రోజు రాత్రి పదింటికి స్ట్రాంగ్‌గా ఒకటి తాగి పడుకున్నా నాకు ఫుల్ నిద్ర. అలవాటు పడిపోతే ఏమీ కాదు.

సీతాఫలం:
నాని తమ్ముడూ, నిద్ర పట్టడం వేరు, పట్టిన నిద్ర సరిగా ఉండటం వేరు. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది, అది తన గ్రాహకాల మీద కూర్చుంటేనే మనకి నిద్ర ముంచుకొస్తుంది. కెఫీన్ ముందే వెళ్లి, బస్సు సీట్లో కర్చీఫ్ వేసినట్టు ఆ చోటు ఆపేసుకుంటుంది. అలసట ఎక్కడికీ పోదు, మనకి తెలియదంతే. ఒంట్లోంచి సగం కెఫీన్ పోవడానికే సగటున ఐదు గంటలు పడుతుంది. 2013లో చేసిన ఒక పరీక్షలో 400 మిల్లీగ్రాములు పడుకోవడానికి ఆరు గంటల ముందు ఇచ్చినా నిద్ర గంటకి పైగా తగ్గింది, తగ్గినట్టు ఆ మనుషులకే సరిగా తెలియలేదు. అందుకే "నాకేం కాదు" అనే మాటని నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను.

అయితే మనిషికీ మనిషికీ తేడా ఉన్న మాట నిజమే. కాలేయంలో కెఫీన్‌ని విరిచే ఎంజైమ్ కొందరిలో చురుకు, కొందరిలో మందం. సిగరెట్ తాగేవాళ్లలో త్వరగా కరిగిపోతుంది, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో చాలాసేపు ఉండిపోతుంది. ఒకే ఇంట్లో ఒకరికి రాత్రి కాఫీ పడుతుంది, ఇంకొకరు నాలుగింటికి తాగినా తెల్లవార్లూ ఫ్యాన్ చూస్తూ పడుకుంటారు.

నైట్‌షిఫ్ట్ నాని:
అయితే షిఫ్ట్‌లో ఏం చేయమంటారక్కా, తూలుతూ కోడ్ రాయాలా?

సీతాఫలం:
షిఫ్ట్ మొదట్లో తాగు, ఆ పూట చురుగ్గా ఉండటానికి కెఫీన్ పనికొస్తుంది, దాన్ని ఎవరూ కాదనరు. తెల్లవారుజామున నాలుగింటికి చివరి కప్పు తాగి ఎనిమిదింటికి పడుకోవడమే తంటా. దాసు గారి మరణాల లెక్క మీద కూడా నాకో పేచీ ఉంది. ఆ లెక్కల్లో ఎక్కువ భాగం తాగేవాళ్లనీ తాగనివాళ్లనీ ఏళ్ల తరబడి గమనించి రాసుకున్నవే. ఒంట్లో బాగోలేక కాఫీ మానేసినవాళ్లు కూడా తాగనివాళ్ల గుంపులోనే పడతారు, అప్పుడు తాగేవాళ్లే ఆరోగ్యంగా కనిపిస్తారు. పైగా కాఫీ తాగేవాళ్లలో షుగర్ వ్యాధి తక్కువ అని చెప్పే మేలు కెఫీన్ తీసేసిన కాఫీ తాగేవాళ్లలోనూ కనిపించింది. అంటే ఆ పేరేదో కాఫీ గింజలోని మిగతా పదార్థాలకి రావాలి గానీ కెఫీన్‌కి ఎందుకు?

చీటీ వేసినట్టు, ఇవాళ తాగు, ఇవాళ మానేయ్ అని మనుషులకి చెప్పి చూసిన పరీక్ష ఒకటుంది. 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చింది, వందమంది మీద రెండు వారాలు చేశారు. కాఫీ తాగిన రోజుల్లో వెయ్యి అడుగులు ఎక్కువ నడిచారు, అరగంటకి పైగా తక్కువ నిద్రపోయారు. గుండె పైగదుల్లో దడ పెద్దగా పెరగలేదు, కింది గదుల్లో అదనపు కొట్టుకోవడాలు కొంత పెరిగాయి. మంచీ చెడూ రెండూ ఒకే మనిషిలో, ఒకే రోజులో. ఉదయరాగం గారి ఇంట్లో తిరుగుతున్న వీడియోలు రెండూ ఇందులోంచి చెరో సగం ఏరుకుని తీసినవి.

ఉదయరాగం:
బాగానే ఉంది గానీ తలనొప్పి సంగతి ఎవరూ చెప్పలేదు. మొన్న ఏకాదశికి అత్తయ్య కటిక ఉపవాసం ఉన్నారు, మధ్యాహ్నానికి తల పట్టుకుని కూర్చున్నారు. ఆకలికి అనుకున్నాం. సాయంత్రం ఒక్క టీ పడగానే లేచి తిరిగారు, పాలూ పళ్లూ ముట్టనే లేదు. దీన్ని వ్యసనం అనరా?

సీతాఫలం:
కెఫీన్ ఆగిపోయిన తలనొప్పే అది. మానేసిన పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లో మొదలవుతుంది, ఒకటి రెండు రోజులు బాగా బాధపెడుతుంది, వారం పది రోజుల్లో పూర్తిగా పోతుంది. రంజాన్ మొదటి రోజుల్లో ఉపవాసం ఉండేవాళ్లలో చాలామందికి ఇది తెలిసిన బాధే. అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలో 2013 నుంచి దీన్ని రోగనిర్ధారణగా చేర్చారు, వ్యసనం అనే ముద్ర మాత్రం ఇంకా పరిశోధన జరగాలని పక్కన పెట్టారు. తగ్గించాలంటే ఒక్కసారిగా వద్దు, రెండు మూడు రోజులకో కప్పు చొప్పున తగ్గించండి.

డికాషన్ దాసు:
తలనొప్పి వస్తే వ్యసనం, రాకపోతే మర్యాద, బాగుంది. అసలు మీరెవరూ పంచదార గురించి ఎందుకు మాట్లాడరు? ఐదు టీలు, టీకి రెండు చెంచాలు, పది చెంచాలంటే దగ్గర దగ్గర 50 గ్రాములు. పెద్దవాళ్లకి రోజు మొత్తానికి డబ్ల్యూహెచ్‌ఓ పెట్టిన పైహద్దే సుమారుగా అంత, ఇంకా సగానికి తగ్గిస్తే మంచిదని కూడా అంది. స్వీటు ముక్క ముట్టకుండానే కోటా అయిపోయింది! విదేశీ పరీక్షల్లో చాలామంది తాగేది పాలూ చక్కెరా పెద్దగా లేని కాఫీ. మన ఇరానీ చాయ్ కొట్టులో పాలు చిక్కగా మరిగి, తియ్యగా, పక్కన ఉస్మానియా బిస్కెట్ రెండు. దాన్ని తాగి కెఫీన్‌ని తిట్టడం అన్యాయం.

పాడేరు పిల్లోడు:
దాసు అన్నతో నేను. మా ఇళ్ల దగ్గర సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల పాదుల మధ్య కాఫీ పండిస్తాం, 2019లో అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇంట్లో మేం తాగేది పాలు లేని కాఫీయే. మా పంటని స్లో పాయిజన్ అనేవాళ్లు పిల్లల చేతుల్లో ఉన్న ఎనర్జీ డ్రింకుల గురించి మాట్లాడరేం?

మందులషాపు పద్మ:
మీ పంట కాబట్టి మీకు కోపం రావడం సహజం తమ్ముడూ, కానీ పాయింటు మాత్రం మంచిదే. ఆ డబ్బాల్లో కెఫీన్ లీటరుకి 300 మిల్లీగ్రాములు దాటకూడదని మన ఆహార భద్రతా సంస్థ నిబంధన. అంటే 250 మి.లీ. డబ్బాలో 75 దాకా, పెద్దవాళ్లకి అదొక కాఫీ. పిల్లలకి కిలో బరువుకి 3 మిల్లీగ్రాములు అనేది యూరప్ లెక్క, ముప్పై కిలోల పిల్లాడికి రోజంతటికీ 90 అన్నమాట, ఒక్క డబ్బాతో దాదాపు అయిపోయింది. పిల్లలకి, గర్భిణులకి వద్దని డబ్బా మీదే చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదివేదెవరు.

గర్భిణుల మాట వచ్చింది కాబట్టి, వాళ్లకి హద్దు 200 అని యూరప్ సంస్థ చెప్పింది. నెలలు నిండేకొద్దీ కెఫీన్ ఒంట్లోంచి పోవడానికి పట్టే సమయం రెండు మూడింతలవుతుంది. అలాగే థైరాయిడ్ మాత్రని కాఫీతో వేసుకునేవాళ్లు ఇది చదువుతుంటే, అది నీళ్లతో వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట ఆగి కాఫీ తాగండి. డోసు పెంచినా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్షలో చూసే అంకె) దిగట్లేదని వచ్చేవాళ్లని నేను మొదట అడిగేది ఇదే.

ఉదయరాగం:
ఇందాక అత్తయ్యకి పద్మ గారి మాటలు చదివి వినిపించాను. మధ్యాహ్నం టీ మూడున్నరకి జరపడానికి ఒప్పుకున్నారు, పంచదార డబ్బా మాత్రం నా చేతికి ఇవ్వనన్నారు. వచ్చే వారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాం, పేగుల సంగతి అడుగుతాను. మా ఆయన ఆరున్నర కాఫీ దగ్గర మాత్రం బేరం తెగలేదు, తనది త్వరగా కరిగించే కాలేయం అని ఇప్పుడో కొత్త వాదన పట్టుకున్నారు, సీతాఫలం గారూ, ఆ పాపం మీదే. దాసు గారు ఏమన్నా సరే, రోజూ లేకపోతే గడవని వస్తువుని మంచిది అని నేననలేను. విషం కాదు, అంతవరకు సరే.

నైట్‌షిఫ్ట్ నాని:
ఒక్క డౌట్. కాఫీ బదులు గ్రీన్ టీకి మారితే ఇవన్నీ ఉండవు కదా?

మందులషాపు పద్మ:
అందులోనూ కెఫీన్ ఉంటుంది నానీ, కాఫీ కంటే తక్కువంతే. ఐరన్‌ని పట్టేసే పదార్థాలూ ఉంటాయి. అన్నం తినగానే తాగకు.