అద్దె కట్టరు, ఖాళీ చేయరు: ఏం చేయాలి?

ప్రశ్న (అక్కయ్యపాలెం)

అందరికీ నమస్కారం. కింద మేముంటూ పై పోర్షన్ అద్దెకిచ్చాం. మొదటి ఏడాది ఏ గొడవా లేదు. తర్వాత అద్దె సగం సగం ఇవ్వడం మొదలైంది, ఇప్పుడు నాలుగు నెలలుగా పైసా లేదు. అడిగితే "అడ్వాన్స్‌లో పట్టుకోండి" అంటారు. ఆ అడ్వాన్సే రెండు నెలలది. మీటరు మా వారి పేరు మీద ఉండడంతో ఈపీడీసీఎల్ కరెంటు బిల్లూ మేమే కడుతున్నాం. పదకొండు నెలల అగ్రిమెంట్ ఎప్పుడో అయిపోయింది, మళ్లీ రాసుకోలేదు. పైకి నీళ్లు ఆపేద్దామని మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. మా వారి పెన్షన్‌కి ఈ అద్దె తోడైతేనే ఇల్లు గడుస్తుంది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (మర్రిపాలెం)

అమ్మా, ముందు మీ అబ్బాయిని ఆపండి. నీళ్లు, కరెంటు ఆపినా, తాళం మార్చినా ఇప్పటిదాకా మీ వైపున్న న్యాయం వాళ్ల వైపు వెళ్లిపోతుంది. బలవంతంగా బయటికి పంపితే, ఆరు నెలల్లోపు కోర్టుకెళ్లి మళ్లీ ఇంట్లోకి వచ్చే హక్కు 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం వాళ్లకిచ్చింది. అప్పుడు అద్దె బాకీ మాట పక్కకు పోతుంది.

ఒక తెల్లకాగితం మీద నెలవారీగా లెక్క రాయండి: రావాల్సిన అద్దె, వచ్చింది, ఎలా వచ్చింది, మీరు కట్టిన కరెంటు బిల్లు. బ్యాంకు స్టేట్‌మెంట్, బిల్లు రసీదులు దానికి జత చేయండి. ఆ లెక్క ఫోటో వాట్సాప్‌లో వాళ్లకు పంపి, "చూసి చెప్పండి" అని మర్యాదగా అడగండి. "వచ్చే నెల ఇస్తాం" అని ఒక్క జవాబు వచ్చినా, బాకీ ఉన్నట్టు వాళ్లే ఒప్పుకున్నట్టు.

తర్వాత వకీలు చేత నోటీసు ఇప్పించండి. గడువు తీరిన అగ్రిమెంట్ మీద నెలనెలా సాగుతున్న అద్దెకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. అది స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపండి. పుచ్చుకోకపోతే కవరు తిరిగొస్తుంది. దాన్ని చింపకండి! పోస్టుమాన్ రాసిన రాతతో సహా అలాగే దాచండి, కోర్టులో పనికొస్తుంది.

నోటీసు గడువు దాటాక వాళ్లు డబ్బు వేస్తే ఊరికే పుచ్చుకోవద్దు. మళ్లీ అద్దెకు ఒప్పుకున్నారని వాదించే వీలుంటుంది. "ఇది ఇల్లు వాడుకున్నందుకే, నోటీసు అలాగే ఉంది" అని వెంటనే మెసేజ్ పెట్టండి.

జవాబు (గాజువాక)

ఇదంతా ఎందుకండీ, స్టేషన్‌లో ఒక మాట చెప్పిస్తే సరిపోదా?

జవాబు (మర్రిపాలెం)

బాబూ, ఇది సివిల్ తగాదా. ఖాళీ చేయించే అధికారం పోలీసులకు లేదు, దానికి కోర్టు ఆర్డర్ కావాలి. కొట్టడానికొచ్చినా, బెదిరించినా మాత్రం తప్పకుండా ఫిర్యాదు చేయాల్సిందే.

జవాబు (మధురవాడ)

మేడమ్ గారూ, కేసు వేసే ముందు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు ఒకసారి వెళ్లండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీకి అర్జీ పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. వాళ్లను పిలిపించి మాట్లాడతారు. అక్కడ రాజీ కుదిరి అవార్డు (అంటే రాజీ తీర్పు) ఇస్తే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. వాళ్లకు నిజంగానే ఉద్యోగం పోయి ఉండొచ్చు, పిల్లల చదువులు ఉండొచ్చు. అందుకని రెండు నెలల టైం ఇవ్వడానికి సిద్ధపడండి. కానీ ఫలానా తేదీకి తాళాలు ఇస్తామని ఆ అవార్డులో రాయించండి. మన ఇల్లు మన చేతికి రావడం ముఖ్యం. అవసరమైతే బాకీలో కొంత వదులుకున్నా కోర్టుల చుట్టూ తిరగడం కన్నా నయమే.

ప్రశ్న (అక్కయ్యపాలెం)

చాలా థాంక్స్ అండీ, మా వాడికి ఇవన్నీ చదివి వినిపించాను, సరేనన్నాడు. వాళ్లు వెళ్లేటప్పుడు ఏం చూసుకోవాలి?

జవాబు (మర్రిపాలెం)

సామాను దించకముందే గదులు, కుళాయిలు, కిటికీలు వీడియో తీయండి. మీటరు రీడింగు ఫోటో తీసి, ఆ రోజు వరకు కరెంటు లెక్క కట్టండి. అడ్వాన్స్ పోను ఎవరు ఎవరికెంత ఇవ్వాలో, తాళాలు ఏ తేదీన అందాయో ఒకే కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయండి. కొత్తవాళ్లకు ఇచ్చేటప్పుడు అగ్రిమెంట్ రిజిస్టర్ చేయించండి, ఆ ఖర్చుకు వెనకాడకండి.