అప్‌డేట్: ఇనుము తెలియని నా కథాలోకానికి నిప్పు దొరికింది

ఇనుము వాడని నా ఫాంటసీ నవల జనం, ఇనుము-గంధకం కలిసిన ఖనిజమైన పైరైట్‌తో ఏం చేయగలరని అడిగాను కదా, జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. చెకుముకి రాయితో పైరైట్‌ను కొట్టించమన్న సలహానే పనికొచ్చింది. తెలిసిన జియాలజీ లెక్చరర్ గారు చీకటి గదిలో కొట్టి చూపించారు: మసక ఎర్ర రవ్వలు, వెంటనే గంధకం వాసన. మండేది పైరైట్ నుంచి రాలిన తునకే కాబట్టి రెండు చెకుముకి రాళ్లతో పని జరగదట. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన, వేల ఏళ్ల నాటి మనిషి శవం ఓట్జీ నడుము సంచిలో ఉన్న, రవ్వ పట్టుకునే ఎండు పుట్టగొడుగు మీద కూడా పైరైట్ ఆనవాళ్లున్నాయి. నా వాళ్ల నడుముకీ అలాంటి సంచే కట్టాను.

పైరైట్ కరిగించి కత్తులు చేసే చర్చ నాకు అవసరం పడలేదు. గంధకం మిగిలిన ఇనుము ఎర్రగా కాల్చి కొడితే చిట్లిపోతుంది. తడికి పాడైన పైరైట్ నుంచి అన్నభేది (ఒక ఇనుప లవణం) తీసి, కరక్కాయ కషాయంలో కలిపి నల్ల సిరా చేయొచ్చన్న వారికి మాత్రం ప్రత్యేకంగా థాంక్స్. అది ఏకంగా ఒక అధ్యాయమైంది.