ముందొచ్చిన బండికి మొదటి ప్రైజ్ ఎందుకివ్వలేదు?

హనుమకొండ రైడర్:
అన్నలూ, ఒక డౌట్. 1894లో ఫ్రాన్స్‌లో పారిస్ నుంచి రూఆన్ ఊరి దాకా పెట్టిన మోటారు బండ్ల పోటీలో ముందు చేరింది కౌంట్ ద డియాన్ ఆవిరి బండి. మొదటి ప్రైజ్ మాత్రం ప్యూజో, పనార్ కంపెనీలకు కలిపి ఇచ్చి ఆయనను రెండో ప్రైజ్‌తో సరిపెట్టారు. ఇదేం లెక్క? నాకైతే అన్యాయమే అనిపిస్తోంది.

పాత ఇంజన్లు:
అన్యాయం కాదు తమ్మీ. పోటీ పెట్టిన పత్రిక వేగం అడగలేదు, ప్రమాదం లేకుండా, తేలిగ్గా, తక్కువ ఖర్చుతో నడిచే బండి కావాలంది. ద డియాన్ ఆవిరి బండిలో బాయిలర్ మంట చూసుకోవడానికే ఇంకో మనిషి కూర్చోవాలి, అక్కడే దెబ్బపడింది. దూరం 126 కిలోమీటర్లు, వరంగల్ నుంచి హైదరాబాద్ అంత కూడా లేదు, దానికే ఆయనకు దాదాపు ఏడు గంటలు పట్టింది. గుర్రబ్బండ్ల కాలంలో ఇంజన్ బండి దారిలో ఆగకుండా ఊరు చేరుతుందని చూపించడమే పెద్ద విషయం.

హనుమకొండ రైడర్:
మరి 1895 రేసులో పనార్ కంపెనీ భాగస్వామి లెవసోర్ సంగతేంది? పారిస్ నుంచి బోర్డో పోయి తిరిగి రావడం, 1178 కిలోమీటర్లు, 48 గంటల 48 నిమిషాల్లో. దారిలో రూఫెక్ అనే ఊళ్లో బండి అందుకోవాల్సిన డ్రైవర్ నిద్రలో ఉన్నాడు, ఈయన అనుకున్న టైం కన్నా చాలా ముందే వచ్చేశాడు, ఇక ఆగకుండా తనే నడుపుకుంటూ పోయాడు. బండికి రెండే సీట్లున్నాయని ఆయనకూ మొదటి ప్రైజ్ లేదు, నాలుగు సీట్లుండాలట! రూల్ రూలే కావచ్చు, నా దృష్టిలో గెలిచింది ఆయనే.

కాజీపేట టైర్లు:
లెవసోర్ విషయంలో నాదీ అదే మాట. కానీ నేను టైర్ల పనిలో ఉన్నా కాబట్టి నాకు ఆ రేసులో టైర్లు తయారుచేసే మిషెలిన్ అన్నదమ్ములే ఎక్కువ నచ్చుతారు. కారుకు గాలి టైర్లు వేసుకుని రేసుకొచ్చింది వాళ్లే, దారిపొడవునా పంక్చర్లే, అయినా వదల్లేదు. 1906లో లె మాన్‌లో మొదటి గ్రాండ్ ప్రీ కార్ల రేసు నాటికి చూడండి. చాలామంది ఎండలో కూర్చుని పాత టైరును కత్తితో కోసి తీసి, చక్రం మీదే కొత్తది ఎక్కించాలి, పావుగంట గోవిందా, పైగా బయటివాళ్లు చెయ్యి వేయకూడదు, డ్రైవరూ మెకానిక్కే చేసుకోవాలి. రెనో కారు నడిపిన ఫెరెంక్ సిజ్‌కు మిషెలిన్ వాళ్లు ఊడదీసే రిమ్ములిచ్చారు. నట్లు విప్పు, టైరు ఎక్కించి ఉన్న రిమ్ము బిగించు, నాలుగు నిమిషాల్లోపే పని అయిపోయేది. రెండు రోజులు, 1238 కిలోమీటర్ల రేసును ఆయన అరగంటకు పైగా తేడాతో గెలిచాడు. ఇంజన్ బలం లేదని కాదు, ఆ గెలుపులో సగం వాటా మాత్రం ఆ రిమ్ములదే అంటాను.