16 లక్షల్లో ఎలక్ట్రిక్ కారా, హైబ్రిడా? సెల్లార్‌లో ప్లగ్ పాయింట్ లేదు

నిజాంపేట_వాసి

నిజాంపేట నుంచి కోకాపేట ఆఫీసుకు రానూపోనూ 45 కిలోమీటర్లు. చిల్లర తిరుగుళ్లతో కలిపి ఊళ్లో నెలకు 1250 దాకా అవుతుంది. నెలకు రెండుసార్లు ఖమ్మం. ఎక్స్‌షోరూమ్ 16 లక్షలు దాటకూడదు, కొన్న కారు ఎనిమిదేళ్లు ఉంచుకోవాలి. 60 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్, సెల్లార్ పార్కింగ్, నా స్లాట్ దగ్గర ప్లగ్ పాయింట్ లేదు.

అడగాలనుకున్నవి మూడు. ఈ వాడకానికి పూర్తి ఎలక్ట్రిక్ మంచిదా, స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు, కారును కాసేపు ఒంటరిగా నడపగల మోటారు ఉన్నది) మంచిదా? సెల్లార్‌లో పాయింట్ పెట్టించడం ఎంత పని? రెండేళ్లు ఆగితే బ్యాటరీలు ఇంకా మెరుగవుతాయి అంటున్నారు, ఆగడంలో లాభం ఉందా? కంపెనీ చెప్పే మైలేజీలు వద్దు, రోడ్డు మీద వచ్చేవి చెప్పండి.

లెక్కల_పుస్తకం

మీ రెండో ప్రశ్నే మొదటి దానికి జవాబు. స్లాట్‌లో పాయింట్ వస్తే ఎలక్ట్రిక్, రాకపోతే హైబ్రిడ్. ఎందుకో లెక్క చూడండి.

హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని, ఛార్జింగ్‌లో వృథా అయ్యే పది పన్నెండు శాతం కూడా కలుపుకుంటే, గోడ దగ్గర నుంచి కిలోమీటరుకు 0.16 యూనిట్లు పడుతుంది. 1250 కిలోమీటర్లకు 200 యూనిట్లు. మీ ఇంట్లో ఇప్పటికే 250 యూనిట్లు కాలుతున్నాయనుకుంటే, కారు తాగే 200 పై శ్లాబుల్లో పడతాయి: 50 యూనిట్లు 7.70 చొప్పున, 100 యూనిట్లు 9 చొప్పున, 50 యూనిట్లు 9.50 చొప్పున. మొత్తం 1760 రూపాయలు. షోరూమ్‌లో చెప్పే "కిలోమీటరుకు 70 పైసలు" ఈ శ్లాబుల్ని పట్టించుకోని లెక్క. నిజంగా పడేది రూపాయి నలభై పైసలు.

స్ట్రాంగ్ హైబ్రిడ్ మన ఊళ్లో లీటరుకు 20 ఇస్తుందనుకోండి. 62.5 లీటర్లు, 107 లెక్కన దాదాపు 6,700. తేడా నెలకు ఐదు వేలు. అదే ఇంట్లో పాయింట్ లేక ప్రతిసారీ బయట ఫాస్ట్ ఛార్జర్ మీదే బతికితే యూనిట్ 22 చొప్పున 4,400. మిగిలేది 2,300. దానికోసం వారానికి రెండు సాయంత్రాలు ఛార్జర్ దగ్గర కూర్చోవాలి. నా దృష్టిలో గిట్టుబాటు కాని బేరం.

పన్ను సంగతి వేరు. 2024 నవంబర్‌లో వచ్చిన జీవో 41 ప్రకారం తెలంగాణలో రిజిస్టర్ అయ్యే బ్యాటరీ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ, 2026 డిసెంబర్ 31 దాకా. బుకింగ్ చేస్తే చాలదు, రిజిస్ట్రేషన్ ఆలోపు అయిపోవాలి. పచ్చ ప్లేటుకే ఈ మాఫీ. హైబ్రిడ్‌ది తెల్ల ప్లేటే, లైఫ్ ట్యాక్స్ కట్టాల్సిందే. 16 లక్షల కారుకు 17 శాతం వేసుకున్నా 2.7 లక్షలు. జీఎస్టీలోనూ అంతే, ఎలక్ట్రిక్‌కు 5 శాతం, నాలుగు మీటర్లు దాటిన హైబ్రిడ్‌కు 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్‌లో ఎలక్ట్రిక్‌కు 15 శాతం, హైబ్రిడ్‌కు 7.5 శాతం రాయితీ ఉంది కానీ అది చిల్లర.

టూల్‌బాక్స్

హైబ్రిడ్‌ను ఖర్చు లెక్కతోనే కొట్టేయకండి. అసలు హైబ్రిడ్ అనే మాటలోనే తిరకాసు ఉంది. మైల్డ్ హైబ్రిడ్‌లో మోటారు ఇంజిన్‌కు చెయ్యి అందిస్తుందంతే, కారును ఒంటరిగా నడపలేదు. టొయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా రెండూ రెండు రకాల్లోనూ దొరుకుతాయి, వేరియంట్ పేరు చూసి కొనండి. మీకు కావాల్సింది స్ట్రాంగ్ హైబ్రిడ్. వాటి బ్యాటరీ 0.76 కిలోవాట్ అవర్లు, అంటే టాటా నెక్సాన్ ఈవీకి ఉండే 45 కిలోవాట్ అవర్ల బ్యాటరీలో అరవయ్యో వంతు. ప్లగ్ పెట్టే పని లేదు, బ్రేకు వేసినప్పుడు, ఇంజిన్ తిరిగినప్పుడు నిండుతుంది.

ఇంత చిన్న బ్యాటరీ కాబట్టి మే నెలలో ఒక ఇబ్బంది. ఏసీ కంప్రెసర్ కరెంటుతోనే తిరుగుతుంది, ఎండలో ఒకటిన్నర కిలోవాట్ దాకా లాగుతుంది. బ్యాటరీలో వాడుకోనిచ్చేది దాదాపు సగమే. బయోడైవర్సిటీ సిగ్నల్ దగ్గర ఇరుక్కుంటే పావుగంటకే ఇంజిన్ లేస్తుంది. అందుకే చలికాలంలో 23, 24 ఇచ్చిన బండి ఎండాకాలం 19కి దిగుతుంది. రిపేరు అనుకుని సర్వీస్ సెంటర్‌కు పరుగెత్తొద్దు. ఓఆర్ఆర్ మీద 110, 120లో పోతే కూడా లాభం కరిగిపోతుంది, 17, 18 వస్తుంది. హైబ్రిడ్ బలమంతా ఆగి ఆగి నడిచే రోడ్డులోనే.

హైబ్రిడ్‌లో చెడిపోయేవి ఎక్కువగా చిన్నవే. బ్యాటరీకి గాలి పీల్చే జాలీ దుమ్ముతో మూసుకుపోతే బ్యాటరీ వేడెక్కి కారు మోటారును తక్కువ వాడుతుంది, మైలేజీ పడిపోతుంది. దాన్ని ప్రతి సర్వీసులో ఊదించండి, దాని మీద సంచులు పెట్టకండి. కారులోని ఇన్వర్టర్‌కు (బ్యాటరీ కరెంటును మోటారుకు అందించేది) విడిగా కూలెంట్ ఉంటుంది, మెకానిక్ ఇంజిన్‌ది చూసి దీన్ని మర్చిపోతాడు. రెండు మూడు వారాలు కదలకుండా ఉంటే 12 వోల్టుల బ్యాటరీ దిగిపోతుంది, పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి రెడీ కాదు. ఈ చివరిది ఎలక్ట్రిక్ కార్లకూ ఉన్న జబ్బే. రోడ్డు మీద ఆగిపోయిన ఎలక్ట్రిక్ కారు అనగానే అందరూ పెద్ద బ్యాటరీనే తిడతారు, ముందు ఈ చిన్నదాన్ని చూడాలి.

నిజాంపేట_వాసి

ధన్యవాదాలు. అసోసియేషన్ రెండు అభ్యంతరాలు చెప్తోంది. ఒకటి మంటల భయం, రెండు "అందరూ పెడితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది". మీటర్ గది నుంచి నా స్లాట్‌కు సీలింగ్ వెంట 40 మీటర్లు. 7.4 కిలోవాట్ల వాల్ బాక్స్ ఫ్రీగా ఇస్తామంటున్నారు, పెట్టించుకోనా?

ఎర్త్‌పిట్

ముందు ట్రాన్స్‌ఫార్మర్ మాట. మీ 60 ఫ్లాట్లలో 20 ఎలక్ట్రిక్ కార్లు వచ్చాయనుకుందాం. రోజుకు 50 కిలోమీటర్లు తిరిగితే ఒక్కో కారుకు రాత్రికి 8 యూనిట్లు. మొత్తం 160. రాత్రి 11 నుంచి ఉదయం 6 దాకా పంచితే సగటున 23 కిలోవాట్లు, అంటే పన్నెండు గీజర్లు. పొద్దున ఆరున్నరకు 60 ఫ్లాట్లలో గీజర్లు వేసినప్పుడు తట్టుకుంటున్న ట్రాన్స్‌ఫార్మర్ అర్ధరాత్రి దీన్ని తట్టుకోదా? ప్రమాదం ఎక్కడంటే, అందరూ సాయంత్రం ఏడున్నరకు వచ్చి ఒకేసారి 7.4 కిలోవాట్లు గుచ్చితేనే. 20 కార్లకు అది 148 కిలోవాట్లు, పైగా ఏసీల వేళ. కాబట్టి అసోసియేషన్‌తో "వద్దు, కావాలి" అని కొట్లాడకుండా ఒక తీర్మానం రాయించండి: ఒక్కో స్లాట్‌కు 3.3 కిలోవాట్లు మించకూడదు, టైమర్ రాత్రి 11కు. కారులోనే షెడ్యూల్ పెట్టుకోవచ్చు. ఇంట్లో ఉన్న కనెక్షన్ నుంచే కారు ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2024 మార్గదర్శకాల్లో ఉంది, ఆ కాగితం తీర్మానానికి జత చేయండి.

అందుకే ఫ్రీ వాల్ బాక్స్‌కు ఆశపడొద్దు. 7.4 కిలోవాట్లంటే 32 ఆంపియర్లు. మంజూరైన లోడు పెంచుకోవాలి, చాలా ఇళ్లలో అది త్రీ ఫేజ్ మీటర్ దాకా పోతుంది. మీకు రాత్రికి కావాల్సింది 8 యూనిట్లు. 16 ఆంపియర్ల పాయింట్ మూడు గంటల్లో ఇచ్చేస్తుంది. బాక్స్ తీసుకుని ఇంట్లో పెట్టుకోండి, వైరు మాత్రం రేపటికి సరిపోయేది లాగండి.

వైరు: 16 ఆంపియర్లకు 40 మీటర్ల దూరంలో 4 చదరపు మిల్లీమీటర్ల రాగి సరిపోతుంది, 14 ఆంపియర్ల దగ్గర 5 వోల్టులే పడతాయి. రేపు 32 పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే 6 వేయండి, అప్పుడు పడేది 8 వోల్టులు, మూడున్నర శాతం. 50, 60 మీటర్లయితే 10కి పోవాలి. ఎలక్ట్రీషియన్ 2.5 చాలంటాడు. అది గంట నడిచే గీజర్‌కు చాలు. కారు గంటల తరబడి ఆగకుండా లాగుతుంది.

కనెక్షన్ మీ ఫ్లాట్ మీటర్ అవుట్‌గోయింగ్ నుంచి తీసుకోండి, కామన్ మీటర్ నుంచి వద్దు, గొడవలు అక్కడే మొదలవుతాయి. జనరేటర్ ఛేంజోవర్‌కు (కరెంటు పోతే జనరేటర్‌కు మార్చే స్విచ్) ముందు నుంచే తీయాలి. జనరేటర్ కరెంటు మీద న్యూట్రల్ ఎర్తింగ్ సరిగా లేక చాలా ఛార్జర్లు ఎర్త్ ఫాల్ట్ చూపి ఆగిపోతాయి, పైగా ఫ్లాట్‌కు ఇచ్చే ఆ కొంచెం బ్యాకప్ ట్రిప్ అవుతుంది. మీటర్ దగ్గర ఎంసీబీతో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీబీఓ (కరెంటు లీకైతే కట్ చేసే బ్రేకర్), టైప్ ఏ రకం. షాపులో మామూలుగా చేతికిచ్చేది టైప్ ఏసీ, కారు ఛార్జర్ నుంచి డీసీ లీకేజీ వస్తే అది గుడ్డిదైపోతుంది.

స్లాట్ దగ్గర మామూలు ఇంటి సాకెట్ పెట్టకండి. కొన్ని నెలలకే పిన్నుల పట్టు వదులై, వేడెక్కి, ప్లగ్ గోధుమరంగుకు తిరుగుతుంది. ఛార్జింగ్ మంటలంటే చాలావరకు ఇక్కడ పుట్టేవే, బ్యాటరీలో కాదు. నీలిరంగు ఇండస్ట్రియల్ సాకెట్ మూతతో సహా పెట్టించండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మాట ఎత్తొద్దు. మంటల భయానికి ఇంకో జవాబు, కరెంటు తీసేసే స్విచ్ సెల్లార్‌లో కాకుండా ర్యాంపు పైన వాచ్‌మన్‌కు అందేలా ఉండాలి.

ఇక ఎర్తింగ్. హైదరాబాద్‌లో రెండు మూడు అడుగుల కింద రాయే. చాలా బిల్డింగుల్లో ఎర్త్ పిట్ (ఎర్త్ తీగను భూమిలో పాతే గుంట) లోతుగా పోలేదు, వానాకాలం బాగా పనిచేసి ఏప్రిల్‌కు ఎండిపోతుంది. "నిన్నటిదాకా ఛార్జ్ అయింది, ఇవాళ ఎర్రలైటు" అనే ఫిర్యాదులు ఎండాకాలం ఎక్కువయ్యేది ఇందుకే. లోడు మీద న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య వోల్టేజీ కొలవమనండి, రెండు మూడు వోల్టులు దాటితే పిట్ బాగుచేయించాలి. 5 ఓమ్‌ల లోపు రాకపోతే కెమికల్ కాంపౌండ్‌తో ఇంకో పిట్ వేసి రెండూ కలపాలి. ఎర్త్ ఎర్రర్ రాకుండా న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలిపే చిట్కా చెప్పేవాడు దొరికితే ఆ పూటే మార్చేయండి. న్యూట్రల్ తెగిన రోజు కారు బాడీ మీదకు కరెంటు వస్తుంది.

సూర్యాపేట_మలుపు

ఖమ్మం సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఒకవైపు దాదాపు 215 కిలోమీటర్లు. 45 కిలోవాట్ అవర్ల బ్యాటరీని 100 నుంచి 15 శాతం దాకా వాడితే 38 చేతికొస్తాయి. 90లో పోతే కిలోమీటరుకు 0.155, అంటే 245 కిలోమీటర్లు, ఆగకుండా ఇల్లు చేరొచ్చు. 110 దాటితే 0.185, అంటే 205, ఖమ్మం పొలిమేరలో గుండె దడ. 38 బ్యాటరీ ఉన్న కార్లయితే ఎలాగైనా మధ్యలో ఆగాలి.

ఖమ్మంలో ఇంటి 16 ఆంపియర్ల పాయింట్ మీద పది గంటలు పెడితే 28 యూనిట్లు, ఆరవై శాతం. శనివారం పెట్టి ఆదివారం మధ్యాహ్నం బయల్దేరితే నిండుగా వస్తారు. అంటే అక్కడి పాయింట్ కూడా ఎర్తింగ్‌తో సహా చూసుకోవాలి, పాత ఇళ్లలో మూడో పిన్ను ఉత్తదే ఉంటది.

విజయవాడ హైవే మీద ఛార్జర్లకు కొదవ లేదు, కానీ యాప్‌లో "అందుబాటులో ఉంది" అన్నది నమ్మొద్దు. చివరిసారి ఎప్పుడు ఛార్జ్ అయిందో చూడండి, ఇవాళ ఎవరూ వాడలేదంటే అనుమానించాలి. 60 కిలోవాట్ల ఛార్జర్ పెట్టెకు రెండు గన్నులుంటే (కారుకు తగిలించే ప్లగ్గులు), పక్కన ఇంకో బండి తగిలించగానే మీకు 30కి పడిపోతుంది. 20 శాతం మిగిలుండగా ఆగాలి, తర్వాతి ఛార్జర్‌కు చేరే దారి ఉంటుంది. 80 దాటాక నింపడం టైం దండగ. మే నెల మధ్యాహ్నం వేగంగా వచ్చి వెంటనే గుచ్చితే బ్యాటరీ వేడి మీద స్పీడు తగ్గిస్తుంది, అది లోపం కాదు.

శ్రీశైలం వైపు పోయేటట్లయితే మాత్రం జాగ్రత్త. అమ్రాబాద్ అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు మూసేస్తారు. మధ్యలో ఛార్జర్ పనిచేయకపోతే తెల్లారేదాకా అక్కడే.

లెక్కల_పుస్తకం

ఆగాలా వద్దా అన్నది మిగిలింది. ఆగితే బ్యాటరీ మెరుగవుతుంది, నిజమే. కానీ మీ రోజువారీ 45 కిలోమీటర్లకు ఇప్పటి బ్యాటరీయే ఐదు రెట్లు ఎక్కువ. రెండేళ్లు ఆగడమంటే నెలకు ఐదు వేలు, పైగా పన్ను మాఫీ గడువు. గడువు తర్వాత ప్రభుత్వం ఏం చేస్తుందో దాని మీద పందెం కాయలేం.

ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీల్లో రెండు రకాలు, ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్), ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) ఎక్కువగా కనిపిస్తాయి. కొనేటప్పుడు ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీ అయితే మీలాంటి వాడకానికి మేలు. వేడిని బాగా ఓర్చుకుంటుంది, వారానికోసారి నెమ్మదిగా 100 దాకా నింపాలి, లేకపోతే శాతం చూపే లెక్క తప్పుతుంది. ఎన్‌ఎంసీ అయితే రోజూ 80 దగ్గర ఆపేయాలి. ఎనిమిదేళ్ల తర్వాత అమ్మాలంటే వారంటీ కాగితం చదవండి. "జీవితకాలం" అన్నది చాలా చోట్ల మొదటి యజమానికే, మీ దగ్గర కొనేవాడికి అది తగ్గిపోతుంది. ఊళ్లో ఎలక్ట్రిక్ కార్ల వాడకం ఎంత త్వరగా పెరుగుతుందో షోరూముల్లో తేలదు, ఇలాంటి 60 ఫ్లాట్ల తీర్మానాల్లోనూ, సెకండ్ హ్యాండ్ రేటులోనూ తేలుతుంది.

నిజాంపేట_వాసి

16 ఆంపియర్ల పాయింట్, 6 చదరపు మిల్లీమీటర్ల వైరు, రాత్రి టైమర్. ఈ ఆదివారం మీటింగ్‌లో పెడతాను. ఒక్క సందేహం. మా సెల్లార్‌లోకి ప్రతి వానాకాలం మోకాలి లోతు నీళ్లొస్తాయి.

ఎర్త్‌పిట్

ఇది ముందే చెప్పాల్సింది. సాకెట్ నేల నుంచి ఐదడుగుల ఎత్తున పెట్టండి, వైరు పైనుంచే దిగాలి. వాన హెచ్చరిక ఉన్న రాత్రి ఛార్జింగ్ పెట్టకుండా కారును పైన రోడ్డు మీదో, స్టిల్ట్‌లోనో ఉంచండి. బ్యాటరీకి ఐపీ67 ఉంది కదా అంటారు. అది ఒక మీటరు నీళ్లలో అరగంటకు, గంటల తరబడి బురదలో నానడానికి కాదు. మునిగితే స్టార్ట్ చేసి చూడొద్దు, ఛార్జర్ తగిలించొద్దు. ఫ్లాట్‌బెడ్ మీదే ఎత్తించండి. మోటారు తిప్పే చక్రాలు నేల మీద దొర్లేలా లాగితే మోటారు కరెంటు పుట్టిస్తుంది, అది హైబ్రిడ్‌కైనా అంతే. సెల్లార్‌లో నీళ్లు తోడే మోటారు ఏ మీటర్ మీద ఉందో కూడా ఆ మీటింగ్‌లోనే అడగండి.